నలభై మూడు డబ్బాలకు సూప్

క్రాబ్‌ట్రీ వాగు, కెంటకీ
12 ఏప్రిల్ 1932, మంగళవారం

చిరంజీవి డిల్లార్డ్‌కు నాన్న ఆశీస్సులు.

నేనూ నీ చెల్లెలు జెట్టీ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వు ఆక్రన్‌లో కులాసాగా ఉన్నట్టు ఆరో తేదీ నాటి నీ ఉత్తరం వల్ల తెలిసింది. టైర్ల ఫ్యాక్టరీలో వారానికి మూడు రోజులే పని దొరుకుతోందన్నావు. దొరికినంత కాలం వదలకు.

ఆ ఉత్తరంలో ఆరు ప్రశ్నలు అడిగావు. శనివారం బండికి వస్తున్నాననీ, పిస్తోలు కొన్నాననీ, గని కంపెనీ గార్డు రాన్సమ్ క్రీచ్ ఎక్కడ పడుకుంటాడో కనుక్కుని ఉంచమనీ రాశావు. నువ్వు ఆ బండి ఎక్కేలోగా ఇది నీకు అందాలి. ఇప్పుడు సాయంత్రం నాలుగైంది. ప్రశ్నల వరసలోనే జవాబు రాస్తాను.

మొదటిది, అమ్మ చివరి రోజు ఎలా గడిచిందని.

మార్చి 29, మంగళవారం. ఈస్టర్ వెళ్ళిన రెండో రోజు. ముందు రోజు పడిన వాన తెల్లవారుజామున ఆగి, వాగు మీద పొగమంచు దట్టంగా దిగింది. అమ్మ ఐదింటికి లేచింది. నానిన చిక్కుడు గింజల నీళ్ళు వంపేసి కొత్త నీళ్ళు పోసింది. సమ్మెవాళ్ళ పిల్లల సూప్‌కు పన్నెండు పౌన్ల గింజలు. వాటితో పాటు ఉడికించడానికి ఇంట్లో ఉల్లిపాయలు తప్ప ఏమీ లేదు. పంది కొవ్వు శనివారమే అయిపోయింది. నా పాత కోటు తొడుక్కుని, "లూడీ దగ్గరికెళ్ళి రోడ్డు మీంచి వచ్చేస్తా, అరగంట," అంది. లూడీ ఇప్పుడు గని సూపరింటెండెంట్ గారింట్లో వంట చేస్తోంది. ఈస్టర్ విందుకు ఉప్పు పట్టించి పొగబెట్టిన పంది తొడ ఒకటి వండారట. సగం మాంసం ఎముకకు ఉండగానే దొరసాని గారు కుక్కలకు వెయ్యమన్నారట. లూడీ వెయ్యలేదు. గుడ్డలో చుట్టి బొగ్గుల గదిలో దాచి, అమ్మకు కబురు పంపింది.

ఆరు కావస్తుండగా అమ్మ తిరిగి వచ్చింది. రోడ్డు మీంచి కాదు, వాగు వైపు నుంచి. తుపాకి పేలింది. వాగుకూ, మాంసం పొగబెట్టే మన పొగ కొట్టానికీ మధ్య బోర్లా పడిపోయింది. తొడ ఆమె కింద ఉంది. నేను ఎత్తి లోపలికి తెచ్చాను. చప్పుడు విని హోబర్టూ, అతని భార్య వెర్సీ పై ఇళ్ళ నుంచి పరుగెత్తుకొచ్చారు.

"ఎవరొదినా? ఎవరు కొట్టారు?" అని హోబర్ట్ అడిగాడు.

"వాగు అవతల నుంచి," అంది అమ్మ. "గార్డులు."

కంపెనీ డాక్టర్ సమ్మెలో ఉన్న ఇళ్ళకు రాడు. టెంపీ అవ్వ కొండ అవతల ఎవరికో పురుడు పోస్తోంది. కబురందుకుని వచ్చేసరికి ఒంటిగంట అయింది. అమ్మ పదీ నలభై ఐదుకు పోయింది. పన్నెండింటికి పిల్లలు డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. సూప్ సిద్ధంగా ఉంది. తిన్నారు. ఆ రోజు అంతే.

రెండో ప్రశ్న, బాధపడిందా అని.

బాధపడింది. మెడ కుడి పక్కా, రొమ్మూ దెబ్బతిన్నాయి. రెండు బొంతలు తడిశాయి. వెర్సీ చింకి గుడ్డలు మడిచి అదిమిపెట్టి కూర్చుంది. కానీ మాట పోలేదు. మంచం పొయ్యి పక్కకు జరపమంది. జరిపాను. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది.

"కూర్చుంటే ఎలా మాస్టారూ. పన్నెండింటికి నలభై మూడు డబ్బాలొస్తాయి."

"నాకు రాదు."

"కాలేజీలో నేర్పలేదా?" అని నవ్వింది. నవ్వితే గుడ్డ ఎర్రబడింది. వెర్సీ నోరు మూసుకోమంది. "ఉండవే. ఇరవై రెండేళ్ళ నుంచి ఈయన నాకు అక్షరాలు నేర్పాలని చూస్తున్నాడు. ఒక్క పూట నేను నేర్పితే తప్పా."

ఆమె చెప్పినట్టే చేశాను. తొడను రెండు నీళ్ళల్లో కడిగాను. "బాగా కడుగు. నా రక్తం పిల్లల చేత తాగించకు," అంది. కత్తితో మాంసం ఒలిచి పక్కన పెట్టాను. ఎముకను గొడ్డలి మడమతో రెండు చోట్ల విరిచాను, మూలుగ దిగాలని. గింజలతో పాటు ముందు ఎముకే పడాలట, మాంసం చివరి గంటలోనట. తోలు మీది కొవ్వు పెనంలో కరిగించి ఐదు ఉల్లిపాయలు ఎర్రగా వేయించాను. గంగాళం మీద తేలిన తెట్టు తీశాను. మధ్యలో ఆమెకు రెండు సార్లు స్పృహ తప్పింది. తేరుకున్న ప్రతిసారీ గంటె చప్పుడు వినబడలేదని కోప్పడింది. పదిన్నరకు గింజ వేళ్ళ మధ్య నలుగుతోందా అని అడిగింది. నలుగుతోందన్నాను. "రెండు గంటెల గింజలు గంగాళం గోడకేసి మెదుపు. చిక్కబడుతుంది," అంది. మెదిపాను. ఉప్పు డబ్బా తీస్తుంటే, "ఉప్పు వెయ్యకు. తొడలోనే ఉంది," అంది.

ఆఖరి మాట అదే. ఊపిరి ఆగినప్పుడు నా చేతిలో గంటె ఉంది.

మూడో ప్రశ్న, నీకు తంతి పాతిపెట్టిన మర్నాడు ఎందుకొచ్చిందని. తంతి ఆఫీసు వాళ్ళను తిట్టకు. వాళ్ళు ఇచ్చిన రోజే పంపారు. నేనే శుక్రవారం దాకా ఇవ్వలేదు. కారణం ఆరో ప్రశ్నలో వస్తుంది.

నాలుగోది, జెట్టీ గురించి. తింటోంది. మాట్లాడటం తక్కువ. ఆ పొద్దున అది టెంపీ అవ్వ ఇంట్లో పడుకుంది. గంగాళం మీద గార్డులు కాల్చిన రోజు నుంచి అమ్మ దాన్ని రాత్రుళ్ళు అక్కడికే పంపేది. కాబట్టి ఏమీ చూడలేదు. పగలు గింజలు ఏరిపెడుతోంది. నిన్న ఒక పిల్లాడు "మీ అమ్మ చేసినట్టే ఉంది" అంటే, డబ్బా లాక్కుని సూప్ మట్టిలో పారబోసింది. తర్వాత తన వాటా వాడికిచ్చింది.

ఐదోది, వంటశాల ఏమైంది, ఇక్కడ మనవాళ్ళు ఏం చేస్తున్నారని. ఇది కొంచెం పొడుగు.

మార్చి పధ్నాలుగున చర్చి పక్కన వంట జరిగే హాలును డైనమైట్ పెట్టి పేల్చిన సంగతి అమ్మ రాయించిన ఉత్తరంలో చదివావు. పొయ్యి ముక్కలు వంతెన దగ్గర దొరికాయి. కావలి పడుకున్న ముసలి ఎఫ్రెమ్ చెయ్యి మణికట్టు దాకా పోయింది. మన స్థలం కంపెనీది కాదు కాబట్టి వంట మన పెరట్లోకి మారింది. ఇరవై ఒకటో తేదీ పొద్దున్నే నలుగురు గార్డులు వాగు దాటి, కేక కూడా వెయ్యకుండా పెరట్లోకి వచ్చారు. బట్టలుడకేసే మన పెద్ద గంగాళానికి పదకొండు చిల్లులు పెట్టారు. మరుగుతున్న సూప్ వెర్సీ కాళ్ళ మీద పడి తోలు ఊడింది. మొరిగినందుకు కుక్కను చంపారు. పోతూ పోతూ ఒకడు, "భోజనం బాగుందమ్మా," అన్నాడు. అమ్మ వాడి మీదికి గంటె విసిరింది. కమ్మరి చిల్లులు పూడ్చాడు. మర్నాడు మళ్ళీ వంట మొదలైంది.

ఆ రోజు నుంచి నేను తెల్లవారుజామున పెరటి గుమ్మంలో ఒళ్ళో తుపాకి పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఉడతల వేటకు నువ్వు వాడిన తుపాకే. అమ్మ ఒక నియమం పెట్టింది. వాగు వైపు నుంచి ఎవరొచ్చినా, ఇంటి మనిషైనా సరే, పొగ కొట్టం అవతలే నిలబడి "ఓ ఇంటివారూ" అని కేక వెయ్యాలి.

ఇప్పుడు వంట నేనే చేస్తున్నాను. ఆ ఎముక ఆరు వంటలకు వచ్చింది. ఆఖరి మూడు సార్లు రంగు తప్ప ఏమీ దిగలేదు. తర్వాత వెర్సీ పుట్టింటి వాళ్ళు ఒక పంది మోకాలు పంపారు. పిల్లలు ఇప్పుడు యాభై ఒక్కరు.

ఇక రాన్సమ్ సంగతి. ఆ పొద్దున వాడు వంతెన దగ్గర కాపలా ఉన్నాడు. చాలామంది చూశారు. అమ్మ నోట "గార్డులు" అన్న మాట వచ్చాక ఇంకెవరూ వేరే పేరు వెతకలేదు. ఏప్రిల్ నాలుగున హోబర్టూ, మరో ఆరుగురూ వంతెన కింద మాటువేసి వాణ్ణి పట్టుకున్నారు. పారల కర్రలతో కొట్టారు. ఆ సాయంత్రం హోబర్ట్ మన వసారాలోకి వచ్చి, చూరు కింది పీపాలో చేతులు ముంచాడు.

"పని సగమే అయింది మాస్టారూ. వాడి మోకాలు ఇక వంగదు. ఒక కన్ను కూడా పోయినట్టే. మిగతా సగానికి గార్డులు అడ్డొచ్చారు."

"వాడేమన్నాడు?" అని అడిగాను.

"అనకేం చేస్తాడు. తుపాకి మీ పెరటి గుమ్మంలోంచి పేలిందట. మంచులో మంట కనపడిందట. 'మాస్టారి ఇంట్లోంచే, ఒట్టు' అని ఒకటే ఏడుపు. అప్పుడే మూతి మీద ఇచ్చాను. నాలుగో ఐదో రాలాయి. పెళ్ళాన్ని పాతిపెట్టి వారం కాని మనిషి మీద అంత మాటంటాడా, వాడికి మీరు చదువు చెప్పారు కూడాను."

పీపాలో నీళ్ళు ఎర్రబడ్డాయి. "అయ్యో, మీ నీళ్ళు పాడు చేశానే," అన్నాడు.

"ఫరవాలేదు," అన్నాను. నేను అన్నది ఆ ఒక్క మాటే.

మర్నాడు మధ్యాహ్నం గార్డులు రెండు కార్లలో హోబర్ట్ ఇంటికి వచ్చారు. దిగకుండానే చెక్క గోడల్లోంచి కాల్చారు. హోబర్ట్ ఇంట్లో లేడు. అతని తమ్ముడు వర్జిల్ బల్ల దగ్గర అన్నం తింటున్నాడు. పంతొమ్మిదేళ్ళు. మూడు తూటాలు. వెర్సీ మంచం కింద దూరి బతికింది. వర్జిల్‌ను అమ్మ సమాధికి పక్క వరసలో పాతిపెట్టాం. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, "మీ ఆవిడ పగ తీర్చబోయి పోయాడు బాబూ నా బిడ్డ. పోనీలే, ఆమె చేతి కింద ఉంటాడు. ఆకలికి ఆగలేడు వాడు. ఆమెకు తెలుసు," అంది. చుట్టూ వందమంది ఉన్నారు. అందరూ నన్ను చూస్తున్నారు. ఆ వందమంది ముందు నోరు తెరవడానికి నాకు అదే సమయం. నేను టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాను.

ఆరో ప్రశ్న. "రాన్సమేనా, అవునో కాదో ఒక్క మాట రాయి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నావు.

కాదు.

పైన ఆ రోజు గురించి రాసినప్పుడు "తుపాకి పేలింది" అని రాశాను. పిల్లల వ్యాసాల్లో అలాంటి వాక్యం కనబడితే, ఎవరు పేల్చారో రాయమని ఎర్ర సిరాతో గీత పెట్టేవాణ్ణి. నేను పేల్చాను. అమ్మను కొట్టింది నేను.

మంచులో వాగు గట్టు మీద ఒక ఆకారం వంగి నడుస్తూ వచ్చింది. కోటు వేసుకుని ఉంది. చంకలో పొడుగ్గా ఏదో ఉంది, ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా. తుపాకి మడమ అనుకున్నాను. అది కేక వెయ్యలేదు. గంగాళం రోజు వచ్చిన నలుగురూ కళ్ళ ముందు కదిలారు. ఇరవై అడుగుల దూరంలో కాల్చాను. పడ్డాక దగ్గరికి పరుగెత్తాను. కోటు నాది.

ఆమె కళ్ళు తెరిచి, "ఎవరని అడగలేదేం మాస్టారూ?" అంది.

నువ్వు ఇక్కడ పుట్టినవాడివి, ఇక్కడి పద్ధతి నీకు తెలుసు. వచ్చేవాడు కేక వెయ్యాలి. ఇంట్లో ఉన్నవాడు ఎవరది అని అడగాలి. రెండూ జరిగాకే తుపాకి సంగతి. ఆమె తన వంతు ఎందుకు తప్పిందో తర్వాత చెప్పింది. రోడ్డు మీద గార్డులు ఉండటం చూసి వాగులోకి దిగింది. వంతెన మీద రాన్సమ్ నలభై గజాల్లో ఉన్నాడు. కేక వేస్తే వాడు వచ్చేవాడు. గుడ్డ విప్పించేవాడు. దొరసాని గారి తొడ దొరికితే ఆ పూటే లూడీ పని పోయేది. లూడీకి నలుగురు పిల్లలు, మొగుడు ఊపిరితిత్తుల నిండా బొగ్గుతో మంచంలో ఉన్నాడు. అమ్మ కేక వెయ్యకపోవడానికి ఇంత కారణం ఉంది. నేను అడగకపోవడానికి ఏ కారణమూ లేదు. ఒక్క మాట. ఎవరది. రాన్సమ్ విన్నా పోయేదేమీ లేదు. నేను భయపడ్డాను, కాల్చాను.

హోబర్ట్ వచ్చి అడిగినప్పుడు నేను నోరు తెరిచాను. నా కంటే ముందు ఆమె చెప్పేసింది. ఆ తర్వాత, వెర్సీ నీళ్ళకు బయటికి వెళ్ళినప్పుడు, "నువ్వు జైలుకు పోతే జెట్టీకి ఎవరున్నారు. పిల్లలకు ఎవరు వండుతారు. గార్డులు చేసిన వాటికి ఇదొకటి కలిస్తే వాళ్ళకేం బరువు," అంది. ఆమె లెక్క అది. అప్పటికి రాన్సమ్‌కు రెండు కళ్ళున్నాయి, వర్జిల్ బతికున్నాడు.

ఇంకొకటి దాచాను. తొడ కడిగానని రాశాను. కడగడం ఒక్కటే కాదు. రవ్వ తూటా సగం అమ్మకు తగిలింది, సగం మాంసంలో దిగింది. "ఏరు. పిల్లల పళ్ళు విరుగుతాయి," అంది. కత్తి మొనతో, గుండుసూదితో ఏరాను. ఇరవై ఆరు సీసపు రవ్వలు పళ్ళెంలో పోగయ్యాయి. వెర్సీ లోపలికి వచ్చే చప్పుడు విని జేబులో పోసుకున్నాను. అన్నీ తీశాననుకున్నాను.

ఒంటిగంటకు టెంపీ అవ్వ వచ్చింది. శవాన్ని కడిగే ముందు ఏదైనా తినాలని ఒక గిన్నె సూప్ పోసుకుంది. రాత్రంతా పురుడు దగ్గర ఉన్న మనిషి. నాలుగో చెంచాకు ఆగింది. నోట్లో వేలు పెట్టి ఏదో తీసి, వెలుగులో చూసింది.

"నాకున్నవే నాలుగు పళ్ళు మాస్టారూ," అంది. గిన్నె ఖాళీ చేసింది. తర్వాత అందరినీ బయటికి పంపి, అమ్మను కడిగి, మెడలోంచి ఇంకొన్ని తీసింది. నన్ను లోపలికి పిలిచి తలుపు వేసింది. సాసర్‌లో అన్నీ ఒకే సైజు.

"ఆరో నంబరు. ఉడతల తూటా ఇది. గార్డులు రైఫిళ్ళు మోస్తారు. ఉడతల్ని కొట్టే తీరిక వాళ్ళకెక్కడిది, మనుషులతోనే సరిపోతోంది."

నేను తలుపు గడియ పెట్టాను.

"అది పోయే ముందు ఏమన్నది?" అని అడిగింది.

"గార్డులంది."

"అయితే నేను చచ్చినదాని నోటికి అడ్డుపడను. దాని మాట దానిది. నీ మాట నీది. నువ్వు ఎప్పుడు చెబుతావో చూస్తా." సాసర్‌ను గుడ్డలో మూటగట్టి తన జాకెట్‌లో దోపుకుంది. తర్వాత అమ్మ జుట్టు దువ్వింది, నేను దీపం పట్టుకున్నాను. ఏడుపులో దీపం పక్కకు ఒరిగితే, "సరిగ్గా పట్టు. ఇంకా నయం, ఇప్పటికైనా ఏడుస్తున్నావు," అంది.

వర్జిల్‌ను పూడ్చి వస్తుంటే దారిలో మళ్ళీ పక్కన నడిచింది. "ఒకడు కుంటివాడయ్యాడు, ఒకడు చచ్చాడు. ఇంకా ఎంతమంది అయ్యాక చెబుతావు మాస్టారూ? నాకు లెక్కలు రావు. నువ్వు చెప్పు." ఆ తర్వాత నాలుగు రోజులకు నీ ఉత్తరం వచ్చింది. మూడోవాడి పేరు అందులో ఉంది. చంపేది నువ్వయితే రాన్సమ్. నిన్ను చంపితే నువ్వు. రెండిట్లో ఏది జరిగినా చేసింది నేనే అవుతుంది.

తంతి ఎందుకు ఆలస్యమైందో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. నువ్వు వస్తే నీ ముఖం చూడాలి. సమాధి దగ్గర నా భుజం మీద చెయ్యి వేస్తావు. అది భరించలేనని మూడు రోజులు ఆగాను.

నేను నిజం చెబితే ఏమవుతుందో ఆలోచించకుండా రాయడం లేదు. కంపెనీ ఆ మాటను అచ్చు వేయించి ప్రతి గుమ్మానికీ అంటిస్తుంది. సమ్మెవాళ్ళు తమ ఆడవాళ్ళను తామే చంపుకుని గార్డుల మీద తోస్తారని ఊరూరా చెబుతుంది. ఆకలితో ఉన్నవాళ్ళు కొందరు గనిలోకి దిగిపోవచ్చు. గంగాళం చుట్టూ జనం పల్చబడొచ్చు. అమ్మ దేనికోసం వాగులోకి దిగిందో అదే నా వల్ల చెడిపోవచ్చు. ఇన్ని రోజులూ నోరు మూసుకోవడానికి నేను నాకు చెప్పుకున్న కారణం ఇదే. కొంత నిజమే. మిగతాది పిరికితనం.

గంగాళం బాధ్యత వెర్సీకి అప్పగిస్తున్నానని ఇవాళ చెప్పాను. ఎందుకని అడిగింది. జడ్జి గారి దగ్గర పనుందన్నాను. "రాన్సమ్ మీద కేసా? అయితే వాడి మిగతా పళ్ళు కూడా రాసుకోమనండి," అంది. కాలి బొబ్బల మీద గుడ్డ మార్చుకుంటూ నవ్వింది. ఆ కాళ్ళతో ఇవాళ యాభై ఒక్క డబ్బాలు నింపింది.

నీకు చెప్పవలసినవి మూడు. లూడీ పేరు నేను ఎవరి ముందూ ఎత్తను. అమ్మ వాగు వైపు ఎందుకు వెళ్ళిందని జడ్జి అడిగితే నాకు తెలియదంటాను. ఆ ఒక్క అబద్ధం ఉంచుకుంటాను. నువ్వు కూడా ఉంచుకో. ఈ కాగితం చదివి కాల్చెయ్యి. రెండు, పిస్తోలు ఆక్రన్‌లోనే వదిలెయ్యి. శనివారానికి కూడా ఎవరినో ఒకరిని కాల్చాలనే అనిపిస్తే, ఎవరినో నీకిప్పుడు తెలుసు. కౌంటీ జైల్లో ఉంటాను. రాన్సమ్ జోలికి పోకు. నీ పక్క బల్ల మీద కూర్చుని భాగహారం రాక ఏడ్చిన వాడు వాడు. రెండు పూటల కూటి కోసం ఆ బ్యాడ్జీ పెట్టుకున్నాడు. అందుకు వాణ్ణి ఇష్టపడనక్కరలేదు. వాడు చెయ్యని దానికి ఇప్పటికే కాలూ కన్నూ ఇచ్చాడు. మూడు, రావాలనిపిస్తే జెట్టీ కోసం రా. నా కోసం వద్దు.

క్షమించమని రాయడానికి రెండు సార్లు కలం ఎత్తాను. అది నిన్ను అడిగే హక్కు నాకుందనుకోను. అమ్మను అడిగాను. ఆమె తెట్టు తియ్యమంది.

వెలుతురు తగ్గుతోంది. కంపెనీ స్టోర్‌లోని తపాలా పెట్టెలో వేస్తే విప్పి చదువుతారు. పట్నం తపాలాలో రేపు నేనే వేస్తాను.

రేపు ఉదయం టెంపీ అవ్వ ఇంటికి వెళ్ళి, జెట్టీ లేవగానే అన్నిటికంటే ముందు దానికి చెబుతాను. ఏడింటికి గని దారి దగ్గర మగవాళ్ళు చేరతారు. అక్కడ అందరి ముందూ హోబర్ట్‌కు చెబుతాను. అతని తమ్ముడి సంగతి కూడా, నా నోటితోనే. వాళ్ళు నన్ను బతకనిస్తే పదకొండు మైళ్ళు నడిచి కౌంటీ పట్నం చేరి, నీ ఉత్తరం తపాలాలో వేసి, జడ్జి గారి ముందు నా పేరు రాసి సంతకం పెడతాను.

ఇట్లు,
నీ నాన్న
ఏమస్ బ్లెడ్సో